నడుము నరానికి సూది: ట్రయామ్సినలోనా, డెక్సామెథాసోనా?

ప్రశ్న (అనంతపురం):
అమ్మకు 62 ఏళ్లు. నడుములో ఎల్4-ఎల్5 పూసల మధ్య డిస్క్ జారి, కుడికాలు బొటనవేలి దాకా గుంజుతోంది. షుగరుంది, గుండెకు క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర) వాడుతోంది. ఇక్కడ ట్రయామ్సినలోన్ 40 మి.గ్రా. వేస్తామన్నారు, కర్నూలులో డెక్సామెథాసోన్ 8 మి.గ్రా. అన్నారు. రెండూ స్టెరాయిడ్ మందులేనట. ఏది వేయించాలి?

కర్నూలు నుంచి:
ముందు సూది ఏ దారిన వేస్తారో అడగండన్నా. నరం బయటికొచ్చే రంధ్రం గుండా, అంటే ట్రాన్స్‌ఫోరామినల్ అయితే డెక్సామెథాసోనే అడగండి. ట్రయామ్సినలోన్, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ కరగని రేణువుల మందులు. సీసాను కాసేపు కదపకుండా పెడితే అడుగున తెల్లగా పేరుకుంటుంది. వెన్నుపాముకు రక్తమిచ్చే సన్న ధమని కొందరికి ఆ రంధ్రం గుండానే పోతుంది. ఎక్కువమందికి అది నడుముకు పైన, ఎడమవైపు ఉంటుంది, కానీ కొందరికి ఇంకా కిందికి ఉంటుంది. సూది అందులో పడితే రేణువులు అడ్డుపడి కాళ్లు పడిపోవచ్చు. డెక్సామెథాసోన్ నీళ్లలా తేటగా ఉంటుంది, ఆ భయం చాలా తక్కువ. నడుము దగ్గర నొప్పి తగ్గడంలో రెండింటికీ పెద్ద తేడా లేదు, డెక్సాతో కొందరికి మళ్లీ వేయాల్సి రావచ్చు. ఆ మాత్రానికి ప్రమాదం కొనితెచ్చుకోవద్దు.

కడప నుంచి:
మందుతో పాటు పద్ధతీ చూడాలి. సీ-ఆర్మ్ (ఎక్స్‌రేతో లోపలిది తెర మీద చూపించే యంత్రం) లేకుండా వేస్తామంటే ఒప్పుకోకండి. స్టెరాయిడ్‌కు ముందు డై (ఎక్స్‌రేలో కనిపించే ద్రవం) ఎక్కించి, అది నరం వెంట పారుతోందా, రక్తనాళంలోకి పోతోందా అని తెర మీద అప్పటికప్పుడు చూడాలి. సిరంజి వెనక్కి లాగితే రక్తం రాలేదు కదా అనడం చాలదు. తోక ఎముక దగ్గర కాడల్ దారిన, లేదా వీపు మధ్యనుంచి ఇంటర్‌లామినార్‌గా వేసేటప్పుడు రేణువుల మందు కూడా వాడతారు. అరుదుగా నరాలు తీవ్రంగా దెబ్బతినవచ్చని 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇచ్చిన హెచ్చరిక మాత్రం ఎపిడ్యూరల్‌గా, అంటే వెన్నుపాము పొర బయటి ఖాళీలోకి, వేసే స్టెరాయిడ్లన్నిటికీ వర్తిస్తుంది.

నంద్యాల నుంచి:
క్లోపిడోగ్రెల్ మామూలుగా 7 రోజుల ముందు ఆపిస్తారు. గుండె డాక్టరు సరేనంటేనే ఆపాలి, ఈమధ్యే స్టెంట్ వేసుంటే సూదినే వాయిదా వేయాలి. షుగరు కొన్ని రోజులు బాగా పెరుగుతుంది. వారం పాటు పరగడుపున, తిన్నాక గ్లూకోమీటరుతో చూసి రాసిపెట్టండి. మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట మొద్దుబారినా, పాదం వాలిపోయినా సూది కోసం ఆగొద్దు, అదే రోజు సర్జన్‌కు చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
సూది వేసినరోజు తగ్గి, మరుసటిరోజు మళ్లీ నొప్పి లేస్తే పని చేయనట్టేనా?

కర్నూలు నుంచి:
కాదన్నా. మొదటి కొన్ని గంటల ఉపశమనం దాంట్లో కలిపిన మత్తుమందుది. స్టెరాయిడ్ పని తెలియడానికి 2 నుంచి 7 రోజులు పడుతుంది. రెండు వారాలు చూసి, ఆ తర్వాతే రెండో సూది సంగతి డాక్టరుతో మాట్లాడండి.