1920లో ష్లెస్విగ్ సరిహద్దు న్యాయంగానే గీశారా?

పాతపటాలు:
జర్మనీ–డెన్మార్క్ హద్దును "జనాన్ని అడిగి గీసిన గీత" అని అందరూ తెగ మెచ్చుకుంటారు. నేనొప్పుకోను. 1864 యుద్ధంలో డెన్మార్క్ పోగొట్టుకున్న ష్లెస్విగ్‌లో, మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ ఓడాక, 1920లో ఏ దేశంలో ఉంటారో తేల్చుకోమని రెండు జోన్లుగా ఓటింగ్ పెట్టారు, నిజమే. కానీ ఉత్తరాన మొదటి జోన్ ఓట్లన్నీ ఒకే కుప్పగా లెక్కేశారు. దాదాపు 75 శాతం డెన్మార్క్‌కు పడ్డాయి. దాంతో టొండర్, ఆబెన్రా, సొండర్‌బోర్గ్ పట్టణాల్లో మెజారిటీ జర్మనీ అన్నా, అవీ డెన్మార్క్‌లోకే పోయాయి. దాని కింద రెండో జోన్‌లో మాత్రం ఊరూరా విడివిడి లెక్క. ఒకే ఆటకు రెండు రూల్సా? టొండర్ అయితే కొత్త హద్దుకు కూతవేటు దూరం. గీత కాస్త పైకి జరిపితే పోయేది.

గట్టుమీద:
ఆబెన్రా, సొండర్‌బోర్గ్ చుట్టూ పల్లెలు డెన్మార్క్‌వి. మధ్యలో పట్టణం జర్మనీకిచ్చి, సంతకొచ్చే రైతును వారం వారం సరిహద్దు దాటిస్తారా? టొండర్ వరకు మీతో పేచీ లేదు. అసలు అత్యాశ అవతలి పక్కా ఉంది. రెండో జోన్‌లోని ఫ్లెన్స్‌బుర్గ్‌ పట్టణంలో నాలుగింట మూడొంతుల ఓట్లు జర్మనీకి పడ్డా, ఆ ఊరు కావాల్సిందేనని డేనిష్ జాతీయవాదులు పట్టుబట్టారు. డెన్మార్క్ రాజు పదో క్రిస్టియాన్ ఏకంగా, అందుకు ఒప్పుకోని ప్రధాని సాలే ప్రభుత్వాన్నే ఇంటికి పంపాడు. సింహాసనం ఊగేసరికి దిగొచ్చాడనుకోండి.

ముక్కుసూటి:
ఓట్లు ఇవాళొకలా, రేపొకలా పడతాయి. భాషను బట్టి గీస్తే గొడవే లేదు.

గట్టుమీద:
భాష మారదంటారా! ఫ్లెన్స్‌బుర్గ్ కింద ఆంగెల్న్ పల్లెల్లో ఒకప్పుడు డేనిష్ యాసే. జనం అప్పటికే ప్లాట్‌డ్యూచ్‌కు (ఉత్తర జర్మనీ పల్లె భాష) మళ్లుతుంటే, 1851లో డెన్మార్క్ ప్రభుత్వం బళ్లలో డేనిష్ రుద్దింది. ఒళ్లు మండి ఇంకా దూరమయ్యారు. 1888లో, అప్పటికి ష్లెస్విగ్‌ను ఏలుతున్న జర్మన్ రాజ్యం ప్రష్యా అదే తప్పు ఉత్తరాన చేసింది: మతపాఠం తప్ప చదువంతా జర్మన్‌లోనే అంది. అక్కడ డేనిష్ పట్టుదల పెరిగింది. ఇంట్లో డేనిష్ యాస మాట్లాడుతూ జర్మనీకి ఓటేసినవాళ్లూ ఉన్నారు. మరి పడమటి తీరంలో ఫ్రీజియన్ అనే వేరే భాష మాట్లాడేవాళ్లను ఎటు వేస్తారు, ముక్కుసూటి గారూ?

పాతపటాలు:
1945 తర్వాతి ముచ్చటా చెప్పండి మరి. ఆకలి రోజుల్లో డెన్మార్క్ నుంచి తిండి పొట్లాలు వచ్చేసరికి హద్దుకు దక్షిణాన, జర్మనీ వైపున్న డేనిష్ సంఘాల్లో సభ్యులు ఇబ్బడిముబ్బడిగా చేరారు. "పందికొవ్వు డేనులు" అని ఇరుగుపొరుగు ఎగతాళి చేసేవారు.

ఫ్లెన్స్‌బుర్గ్ కోడలు:
అందరూ తిండికే చేరారనడం అన్యాయమండీ. ఇక్కడి డేనిష్ బళ్లు ఇప్పటికీ నిండుగా ఉన్నాయి. తరగతిలో డేనిష్, గేటు దాటగానే పిల్లలు జర్మన్‌లో అరుచుకుంటూ పోతారు. ఎవరూ నిలదీయరు. మైనారిటీల హక్కులపై జర్మనీ, డెన్మార్క్ చేసిన 1955 బాన్–కోపెన్‌హాగన్ ప్రకటనల పుణ్యం అది. ఎవరు ఏ జాతో వాళ్లే చెప్పుకోవాలి, అధికారులు ఆరా తీయకూడదు. డేనిష్, ఫ్రీజియన్ మైనారిటీల పార్టీ ఎస్ఎస్‌డబ్ల్యూకు, సీట్లు రావాలంటే కనీసం 5 శాతం ఓట్లు రావాలన్న షరతు లేదు. 2021లో బెర్లిన్ పార్లమెంటులో ఒక సీటు కూడా గెలిచింది. శనివారం వస్తే డెన్మార్క్ కార్లు డిక్కీ నిండా బీరు డబ్బాలు వేసుకుపోతాయి, హద్దు ఎక్కడుందో ఎవరికి పట్టింది?

పాతపటాలు:
అదంతా 35 ఏళ్ల తర్వాత కథ, అమ్మా. నేనడిగింది 1920 లెక్క.

గట్టుమీద:
లెక్కే కావాలంటే 1866 నుంచి మొదలెట్టండి. ఉత్తరాన ఓటింగ్ పెడతామని ఆస్ట్రియాతో ప్రాగ్ సంధిలో రాసిచ్చి, 1878లో ఆ షరతునే ఎత్తేయించింది ప్రష్యా. ఈలోగా డెన్మార్క్ పక్షం వాళ్లు వేలల్లో వలసపోయారు, పట్టణాల్లోకి ప్రష్యా ఉద్యోగులొచ్చారు. మీరు చూపించే పట్టణ మెజారిటీల్లో వాళ్ల ఓట్లూ ఉన్నాయి.

పాతపటాలు:
ఆబెన్రా విషయంలో ఆ వాదన పనికొస్తుందేమో. టొండర్‌లో అంతకుముందు నుంచే జర్మన్ ఉంది. ఆ ఊరి సంగతిలో నేను తగ్గను.