ముందు ఎడమ డోర్ అద్దం సగంలో ఆగిపోయింది, ఇంట్లోనే విప్పి చూడొచ్చా?

కావలి_స్విఫ్ట్:

అన్నలందరికీ నమస్తే. మాది 2009 మోడల్ స్విఫ్ట్ డీజిల్, నాన్న ఇష్టపడి కొన్న బండి, ఇంజన్ ఇంకా గట్టిగానే ఉంది కాబట్టి అమ్మే ఉద్దేశం లేదు. ముందు ఎడమ డోర్ అద్దం ఎండాకాలం నుంచే బరువుగా ఎక్కుతోంది, పైదాకా రావాలంటే చేత్తో కాస్త సాయం పట్టాల్సి వచ్చేది. మొన్న నెల్లూరు నుంచి వస్తూ కోవూరు దాటాక దించితే ఇక ఎక్కలేదు. వెనక మూల కిందికి వాలిపోయి సగంలో వంకరగా నిలబడింది. స్విచ్ నొక్కితే డోర్ లోపల గుర్రుమంటోంది, మధ్యలో టకటకమని కూడా వినిపిస్తోంది, అద్దం మాత్రం కదలదు.

ఇక్కడ షెడ్డులో చూపిస్తే డోర్ విప్పకుండానే మోటార్ పోయింది, మిషన్ సెట్టు (అద్దాన్ని ఎక్కించి దించే యంత్రం) మొత్తం మార్చాలి, నాలుగు వేల పైనే అవుతుందన్నారు. డబ్బు సంగతి అటుంచండి, విప్పి చూడకుండా ఎట్టా చెప్పారన్నదే నాకు మింగుడుపడలేదు. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు ఉన్నాయి, ఇంట్లో ఫ్యాన్లు, నీళ్ల మోటార్ పని నేనే చేసుకుంటాను, కారు డోర్ మాత్రం ఎప్పుడూ విప్పలేదు. అల్పపీడనం అంటున్నారు, వాన పడితే సీటంతా తడిసిపోతుందని టెన్షన్‌గా ఉంది. ముందు ఏం చూడాలో చెప్పండి.

పెన్నా_గట్టు:

తమ్ముడూ, నువ్వు చేసుకోగలిగిన పనే, ఒక పూట చాలు. మోటార్ కాలిపోలేదు. కాలిపోయిన మోటార్ గుర్రుమనదు. కరెంటు వస్తోంది, మోటార్ తిరుగుతోంది, ఆ తిరుగుడు అద్దం దాకా చేరడం లేదు, నువ్వు చెప్పిన శబ్దానికి అర్థం అంతే. డోర్ లోపల మోటార్ ఒక చిన్న డ్రమ్మును తిప్పుతుంది, ఆ డ్రమ్ముకు చుట్టిన స్టీలు తీగ ఒక పట్టాలాంటి రైలు మీద ప్లాస్టిక్ ముక్కను పైకీ కిందికీ లాగుతుంది, అద్దం ఆ ముక్కకే బిగించి ఉంటుంది. ఆ ప్లాస్టిక్ ముక్క విరిగినా, తీగ పోగులు విడిపోయి డ్రమ్ములో చిక్కుపడినా అచ్చం ఇట్టాగే టకటకమంటుంది, అద్దం ఒక పక్కకు వాలుతుంది.

ముందు వాన సంగతి చూడు. ఇద్దరు కావాలి. ఒకరు తాళం ఆన్ చేసి స్విచ్ పైకి పట్టుకుంటే, రెండోవాళ్లు డోర్ తీసి అద్దాన్ని లోపలా బయటా అరచేతులతో అదిమిపట్టి మెల్లగా పైకి లాగాలి, వాలిన మూలను ముందు సరిచేసుకుంటూ. పూర్తిగా ఎక్కాక వెడల్పాటి టేపు అద్దం లోపలి వైపు అంటించి, ఫ్రేము పైనుంచి తిప్పి బయటి వైపు కూడా అంటించు. ఆ టేపు డోర్ విప్పేటప్పుడు కూడా అట్టాగే ఉండాలి. లేకపోతే బోల్టు ఊడగానే అద్దం డోర్ అడుక్కి పడుతుంది, ఆ అద్దాలకు అంచు మీద దెబ్బ తగిలితే మొత్తం చిన్న చిన్న ముక్కలై రాలిపోతాయి.

తర్వాత డోర్ ప్యాడ్, అంటే డోర్‌కు లోపలి వైపు కప్పిన అట్ట. లోపలి హ్యాండిల్ దగ్గర, చెయ్యి పట్టుకునే గుంటలో స్క్రూలు ఉంటాయి, కొన్నిటి మీద చిన్న ప్లాస్టిక్ మూతలు ఉంటాయి కాబట్టి కనపడవు. ప్యాడ్ రావడం లేదంటే ఎక్కడో ఒక స్క్రూ మిగిలిందని అర్థం, బలం చూపించొద్దు. అన్నీ తీశాక కింది మూల నుంచి మొదలుపెట్టి క్లిప్పు క్లిప్పుకూ దగ్గరగా లాగు, దూరం నుంచి లాగితే క్లిప్పు ఊడదు, ప్యాడ్ అట్ట చిరుగుతుంది. పదిహేనేళ్ల ప్లాస్టిక్ కదా, రెండు మూడు క్లిప్పులు ఎలాగూ విరుగుతాయి, ముందే కొన్ని కొని పెట్టుకో. ఆ వెనక నల్ల జిగురుతో అంటించిన పాలిథిన్ షీటు ఉంటుంది, దాన్ని చింపకుండా మెల్లగా తీసి మళ్లీ అంతే జాగ్రత్తగా అంటించాలి. చాలామంది దాన్ని పారేస్తారు. అద్దం కింద బయటి వైపు ఉండే బీడింగ్ (రబ్బరు పట్టీ) సందులోంచి డోర్ లోపలికి దిగే వాన నీళ్లు కారు లోపలికి రాకుండా ఆపేది ఆ షీటే, అది లేకపోతే వానకు కార్పెట్ నానుతుంది.

ఇక అసలు విషయం. ఎండాకాలం నుంచే బరువుగా ఎక్కుతోంది అన్నావే, ఆ మాట షెడ్డువాళ్లు అడిగి ఉంటే బాగుండేది. అద్దం నడిచే రన్ రబ్బరు మన ఎండలకు గట్టిపడి, దుమ్ము పట్టి, అద్దాన్ని బిగించేస్తుంది. ఆ బరువంతా లాగీ లాగీ ప్లాస్టిక్ ముక్క అలిసి విరుగుతుంది. రబ్బరు సంగతి చూడకుండా కొత్త మిషన్ వేస్తే అది కూడా అదే దారి పడుతుంది. మిషన్ విప్పేసినప్పుడు అద్దాన్ని చేత్తో పైకీ కిందికీ జరిపి చూడు, చేతికే బరువుగా ఉంటే జబ్బు అక్కడే ఉంది. తడిగుడ్డను పుల్లకు చుట్టి ఆ గాడి మొత్తం తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టు. గ్రీజు, ఇంజన్ ఆయిల్ రబ్బరుకు పూయొద్దు, రబ్బరు ఉబ్బుతుంది, దుమ్ము ఇంకా పట్టుకుంటుంది. గ్రీజు ఇనుప రైలుకు మాత్రమే.

ఒంగోలు_వైరింగ్:

పైన అన్న చెప్పింది కరెక్టు. శబ్దమే రాని వాళ్లు కూడా ఈ పోస్టు చదువుతారు కాబట్టి ఆ సంగతి కూడా రాస్తున్నా. చీకటి పడ్డాక లోపలి దీపం వేసి స్విచ్ నొక్కి చూడండి. దీపం కాస్త మసకబారితే కరెంటు మోటార్ దాకా వెళ్తోంది, అద్దమో మోటారో బిగుసుకుంది. అసలు మార్పు లేకపోతే ఫ్యూజు, స్విచ్, వైరు ఈ మూడిట్లో ఏదో ఒకటి. ఫ్యూజు తర్వాత నేను నేరుగా చూసేది డోర్‌కూ బాడీకీ మధ్యన ఉండే రబ్బరు గొట్టం. డోర్ తీసి వేసే ప్రతిసారీ దాంట్లో వైర్లు వంగుతాయి, ఏళ్లు గడిచాక పైన తొడుగు బాగానే కనిపిస్తూ లోపల రాగి తెగిపోయి ఉంటుంది. డోర్ సగం తెరిచినప్పుడు అద్దం కదిలి, మూస్తే ఆగిపోతే ఇక వేరే చోట వెతకనక్కర్లేదు.

ఎడమ డోర్ అద్దం డ్రైవర్ దగ్గరి స్విచ్‌తో పని చేస్తూ ఆ డోర్ సొంత స్విచ్‌తో పని చేయకపోతే ముందు డ్రైవర్ వైపు లాక్ బటన్ నొక్కి ఉందేమో చూడండి, పిల్లలు నొక్కేస్తుంటారు. మోటార్ అనుమానం ఉంటే ప్లగ్గు ఊడదీసి బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టిన రెండు వైర్లతో నేరుగా 12 వోల్టులు ఇవ్వండి, వైర్లు తారుమారు చేస్తే ఎదురు దిక్కుకు తిరగాలి. రెండు వైపులా తిరిగితే మోటార్ బాగున్నట్టే. కావలి తమ్ముడూ, డోర్‌లో చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్, ఎవరో స్విచ్ నొక్కితే వేళ్లు పోతాయి. గ్లౌజులు కూడా వేసుకో, లోపలి రేకు అంచు బ్లేడులా ఉంటుంది.

కొత్తపట్నం_రొయ్యలు:

మా వైపు ఉప్పుగాలి, చెరువుల దగ్గరే బండ్లు పెడతాం. నేను చెప్పేది ఒక్కటే, డోర్ విప్పినప్పుడు అడుగున నీళ్లు పోయే కన్నాలు చూడు. వేపాకు, మట్టి చేరి మూసుకుపోతాయి, నీళ్లు నిలిచి కింది రేకు తినేస్తాయి. నీది చెట్టు కింద పెట్టే బండి అయితే తప్పకుండా చూడాలి. ఇంకో మాట, కొన్ని పాత బండ్లలో తీగ ఉండదు, కత్తెర లాంటి చేతులూ పళ్ల చక్రమూ ఉంటాయి, దానికి గట్టి స్ప్రింగు ఉంటుంది. అట్టాంటి మిషన్‌కు ఆ కత్తెర చేతిని కదలకుండా బిగించాకే మోటార్ ఊడదీయాలి, లేకపోతే స్ప్రింగు ఒక్కసారిగా తిరిగి నీ చెయ్యి విరగ్గొడుతుంది.

కావలి_స్విఫ్ట్:

అన్నలూ, ఆదివారం విప్పాను. తీగ బాగుంది, ఒక దగ్గర మాత్రం డ్రమ్ము మీద గాడి తప్పింది. ప్లాస్టిక్ ముక్క నిలువునా చీలి ఉంది, రబ్బరు పగుళ్లిచ్చి రాయిలా ఉంది. కన్నాలు రెండూ మట్టితో మూసుకుపోయాయి, పుల్లతో పొడిస్తే చెంబెడు నల్లనీళ్లు వచ్చాయి. మోటార్‌కు నేరుగా కరెంటు ఇస్తే రెండు వైపులా చక్కగా తిరిగింది. నెల్లూరు ఆటోనగర్‌లో మోటార్ లేకుండా మిషన్ ఒక్కటే దొరుకుతుందన్నారు, రన్ రబ్బరు కూడా తీసుకుంటున్నాను. బిగించేటప్పుడు చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

పెన్నా_గట్టు:

ఉంది తమ్ముడూ. పాత మిషన్ పట్టుకెళ్లి పక్కన పెట్టి పోల్చు, ఎడమకీ కుడికీ వేరే వస్తాయి, బోల్టు రంధ్రాలతో పాటు మోటార్ కూర్చునే పళ్లు కూడా కలవాలి. రబ్బరు ముందు వెయ్యి, మిషన్ తర్వాత. అద్దం పట్టే బోల్టులు వదులుగా పెట్టి, బ్యాటరీ కలిపి, అద్దాన్ని పూర్తిగా పైకి పంపు. అది గాడిలో తనంతట తాను సర్దుకుంటుంది, అప్పుడు బిగించు, కిందనే బిగిస్తే మళ్లీ వంకర వస్తుంది. ప్యాడ్ వేయకముందే నాలుగైదు సార్లు ఎక్కించి దించి చూడు, డోర్ హ్యాండిల్ కడ్డీ, లాకు కూడా ఒకసారి ఆడించి చూడు, అన్నీ బాగున్నాక షీటు అంటించు. జిగురు ఎండిపోయి ఉంటే ఎండలో కాసేపు పెట్టు, మెత్తబడి పట్టుకుంటుంది.