లేక్ లేనియర్ కోవ్‌లలో వేక్ బోట్లని ఆపాలా, వద్దా?

పసుపు_తెడ్డు | ఆదివారం రాత్రి 9:12

నిన్న పొద్దున ఎనిమిదింటికి లేనియర్‌లో, కమ్మింగ్ ఊరి వైపు పబ్లిక్ ర్యాంప్ దగ్గర కయాక్ దింపాను. ఇద్దరు కూర్చునే కయాక్. ముందు మా పదకొండేళ్ళ అమ్మాయి, వెనక నేను. మెయిన్ ఛానెల్‌లోకి పోలేదు. నీళ్ళు కదలకుండా ఉన్నాయని పక్క కోవ్‌లోకి, అంటే ఒడ్డులోకి చొచ్చుకొచ్చిన చిన్న పాయలోకి వెళ్ళాం.

అరగంటకి ఒక వేక్ బోట్ వచ్చింది, వెనక పెద్ద అల లేపడానికే చేసిన రకం. వెనక ఒకాయన తాడు కూడా పట్టుకోకుండా అల మీద సర్ఫింగ్. మొదటి రౌండ్ అలకి ఊగాం, పర్లేదు. రెండో రౌండ్‌కి దూరం పొమ్మని చెయ్యి ఊపాను. పలకరిస్తున్నాననుకున్నారేమో, వాళ్ళూ చెయ్యి ఊపారు. మూడో రౌండ్ అల పక్క నుంచి కొట్టింది. బోర్లా పడ్డాం. లైఫ్ జాకెట్లు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. కళ్ళజోడు, కారు తాళం, పులిహోర డబ్బా అడుక్కి పోయాయి.

మన జార్జియా రాష్ట్రంలో మామూలు బోట్ అయినా పడవలు కట్టే డాక్‌కీ, మనుషులకీ, ఇంకో బోట్‌కీ 100 అడుగుల లోపు ఉంటే ఐడిల్ స్పీడ్‌లోనే, అంటే అతి నెమ్మదిగానే పోవాలి. వేక్‌సర్ఫింగ్‌కి 200 అడుగులు. ఇవి చాలవంటున్నాను. మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు 2022లో కొలిచి చెప్పారు: మామూలు బోట్ అల 200 అడుగుల దగ్గర ఎంత ఉంటుందో, వేక్‌సర్ఫ్ అల అంతకి తగ్గాలంటే 500 అడుగులు దాటాలట. వెర్మాంట్‌లో 2024 నుంచి ఒడ్డుకి 500 అడుగుల లోపు, 20 అడుగుల కన్నా తక్కువ లోతులో వేక్ స్పోర్ట్స్ కుదరదు. మన దగ్గర ఎందుకు పెట్టకూడదు?

సువానీ_సూరి | 9:20

పాప ఎలా ఉందన్నా? అది రాయలేదు.

బ్యాలస్ట్_బాబు | 9:51

పాపకి ఏం కాలేదని అనుకుంటున్నాను. ముందు ఆ మాట.

ఇక మీ ప్రశ్న. నాకు వేక్ బోట్ ఉంది, దాచుకోను. ట్యాంకుల్లో లేక్ నీళ్ళే నింపి వెనక భాగం బరువెక్కిస్తాం, గంటకి పది పదకొండు మైళ్ళ వేగంతో పోతాం. స్పీడ్ బోట్ కన్నా నెమ్మది. లేనియర్ 38,000 ఎకరాలు, ఒడ్డే 690 మైళ్ళ పైన. అంత లేక్‌లో మా వాళ్ళు కోవ్‌కే ఎందుకు వస్తారని అడగండి. మధ్యలో పెద్ద క్రూజర్లు పోతుంటే నీళ్ళు కుతకుతలాడుతుంటాయి, అక్కడ సర్ఫ్ అల నిలబడదు. మాకూ కదలని నీళ్ళే కావాలి. మీరెందుకు వచ్చారో మేమూ అందుకే వచ్చాం.

వెర్మాంట్‌వి ఎక్కువగా చిన్న చెరువులు. మనది డ్యామ్ కట్టి నింపిన నీళ్ళు. 500 అడుగులు పెడితే సగం కోవ్‌లలో చోటే ఉండదు. ఆపడానికి అదో మర్యాదైన పేరు, అంతే.

ఇంకోటి. అల వస్తుంటే కయాక్ ముక్కు అల వైపు తిప్పాలి. పక్కకి ఉంచితే ఏ అలకైనా బోర్లా పడుతుంది. తెడ్డు పట్టిన మొదటి రోజు నేర్పే పాఠం.

పసుపు_తెడ్డు | 10:03

పాప బాగానే ఉంది సూరి గారూ. నిన్నటి నుంచి లేక్ పేరెత్తడం లేదు.

బాబు గారూ, ముక్కు తిప్పడం నాకు తెలుసు. మీరు గుండ్రంగా తిరుగుతుంటే అల ఏ వైపు నుంచి వస్తుందో మీకైనా తెలుసా?

బ్యాలస్ట్_బాబు | 10:06

"మీరు" అంటే ఎవరు? నేనా?

గల్లీ_అంపైర్ | 10:15

ఒక చిన్న సందేహం. నీళ్ళ మీద 200 అడుగులు ఎలా తెలుస్తుంది? పిచ్ 22 గజాలు, అంటే 66 అడుగులు. మూడు పిచ్‌లు వరసగా వేసినంత.

సువానీ_సూరి | 10:17

బౌండరీ దూరం అనుకోండి, సులువు.

గల్లీ_అంపైర్ | 10:22

ఏ గ్రౌండ్ బౌండరీ? మన పార్క్‌లో ఆడేది నలభై గజాలు కూడా ఉండదు. ఆ లెక్కతో బోట్ నడిపితే అందరూ బోర్లా పడతారు.

బ్యాలస్ట్_బాబు | 10:25

నేను పిచ్‌లు లెక్కపెట్టను. నా బోట్‌లో జీపీఎస్ ఉంది.

గల్లీ_అంపైర్ | 10:27

జీపీఎస్ మీరెక్కడున్నారో చెబుతుంది. కయాక్ ఎక్కడుందో చెప్పదు కదా సార్?

తెరచాప_తాత | 10:58

ఇరవై ఏళ్ళుగా లేనియర్‌లో సెయిలింగ్ చేస్తున్నాను కాబట్టి నాలుగు మాటలు. ముందు హక్కు ఎవరిదో తెలుసుకోండి. ఇంజన్ మీద పోయేది తెరచాపకి దారి ఇవ్వాలి, తెరచాపే వెనక నుంచి వచ్చి దాటుతున్నప్పుడు తప్ప. ఇది కొత్త రూల్ కాదు, సముద్రంలోనూ ఇదే. గాలికి ఎదురు వెళ్ళాలంటే మేం వంకరటింకరగానే పోవాలి. చూసేవాళ్ళకి తాగి నడుపుతున్నట్టుంటుంది. "ఎటో ఒకవైపు పోవయ్యా" అని అరిచిన పాంటూన్ (చదునైన షికారు పడవ) వాళ్ళని ఎంతమందిని చూశానో. గాలి తక్కువ ఉన్న రోజు ఒక్క పెద్ద అల వస్తే చాలు, పడవ ఊగి తెరచాపలో ఉన్న కాస్త గాలీ పారిపోతుంది. మళ్ళీ కదలడానికి అయిదు నిమిషాలు. రేస్ రోజైతే ఆ రేస్ పోయినట్టే. 1996 ఒలింపిక్స్‌లో రోయింగ్, కయాక్ పోటీలు గెయిన్స్‌విల్ దగ్గర ఈ లేక్‌లోనే జరిగాయి. ఈ నీళ్ళు ఇంజన్ల కోసమే అన్నట్టు మాట్లాడకండి. నేను 2012లో ఒక ఉత్తరం కూడా రాశాను, దాని కాపీ నా దగ్గర ఉంది, కావాలంటే...

గల్లీ_అంపైర్ | 11:01

తాతగారూ, కయాక్‌కి కూడా దారి ఇవ్వాలా?

తెరచాప_తాత | 11:04

నేను చెప్పింది తెరచాప గురించి.

గేలం_గంగరాజు | సోమవారం పొద్దున 5:40

అందరూ లేచే సరికి నేను చేపలు పట్టుకుని ఇంటికి వచ్చేస్తాను. స్ట్రైపర్ పడాలన్నా, స్పాటెడ్ బాస్ పడాలన్నా తెల్లారకముందే. మీ గొడవలన్నీ ఎనిమిది తర్వాత. వేక్ బోటొక్కటే కాదు, మీ కయాక్‌లు కూడా నా గేలం దారం మీద నుంచే పోతాయి, సారీ కూడా చెప్పరు.

కోవ్_చివరి_ఇల్లు | 8:30

మా ఇల్లు లేక్ ఒడ్డునే. వారాంతం వస్తే మా డాక్ కీచుమంటూ కొట్టుకుంటుంది. రెండేళ్ళలో గొలుసులు రెండు మార్చాం, ఒడ్డున ఎర్రమట్టి జారిపోయి రెండు చెట్ల వేళ్ళు బయటపడ్డాయి. 500 అడుగులకి నా ఓటు. నన్నడిగితే కోవ్ మొత్తం నో-వేక్, అంటే అల లేపకుండా పోవాల్సిన చోటు చెయ్యాలి.

అసలు మాట చెబితే కోపాలొస్తాయి, అయినా చెబుతున్నాను. అలలొక్కటే కాదు. ఇరవై మంది ఒక అద్దె పాంటూన్ ఎక్కి, మా డాక్ ఎదురుగా లంగరు వేసి, మైకులో పాటలు. పక్కింటి అమెరికన్ ముసలాయన "మీ వాళ్ళేనా?" అని నన్నడుగుతాడు. నేనేం చెప్పాలి? మన పరువు మనమే కాపాడుకోవాలి కదా.

బ్యాలస్ట్_బాబు | 8:41

ఒడ్డు మా అలలకే జారిందా? 2007 కరువులో ఈ లేక్ నిండు మట్టం కన్నా 20 అడుగులు కిందికి పోయింది. నీళ్ళు దిగుతూ ఎక్కుతూ ఉంటే ఎర్రమట్టి నిలుస్తుందా?

అద్దె_పాంటూన్ | 8:52

వచ్చింది అసలు విషయం.

అమ్మా, ఆ ఒడ్డు మీది కాదు. లేక్ చుట్టూ ఉన్న స్థలం ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ చూసుకునే ప్రభుత్వ భూమి. మీ డాక్‌కి ఉన్నది పర్మిట్. ఇల్లు అమ్మితే ఆ పర్మిట్ కొత్తవాళ్ళకి దానంతటదే రాదు, మళ్ళీ అప్లై చేసుకోవాలి. మేం ర్యాంప్ దగ్గర పార్కింగ్ డబ్బులు కట్టి వస్తాం. మీ కిటికీలోంచి కనిపించినంత మేరా మీదైపోదు.

పోయిన జూలైలో ఒక డాక్ వాళ్ళు మా మీద ఫిర్యాదు చేశారు. వార్డెన్ వచ్చి లైఫ్ జాకెట్లు లెక్కపెట్టాడు, అన్నీ ఉన్నాయి, నవ్వుతూ వెళ్ళిపోయాడు. కానీ మా అత్తగారు ఇండియా నుంచి వచ్చిన మూడో రోజు అది. యూనిఫాం చూసి గంటసేపు వణికింది. పాటలు ఆపెయ్యమని ఒక్క మాట అడిగితే ఆపేవాళ్ళం కదా.

పక్కింటాయన అడిగితే "అవును, మా వాళ్ళే" అనండి. దానికేం డబ్బులు ఖర్చు కావు.

కోవ్_చివరి_ఇల్లు | 9:05

నేను ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యలేదు. పక్కవాళ్ళు చేసుంటే నాకు తెలియదు. పద్దెనిమిదేళ్ళు అపార్ట్‌మెంట్లలో ఉండి, ఇద్దరం రాత్రింబవళ్ళు పనిచేసి కొనుక్కున్న ఇల్లు ఇది. ప్రశాంతంగా ఉండాలనుకోవడం కూడా తప్పేనా?

అద్దె_పాంటూన్ | 9:08

ప్రశాంతత మీకొక్కరికే అమ్మారా?

సువానీ_సూరి | 9:10

టీ తాగి వస్తా.

పసుపు_తెడ్డు | మధ్యాహ్నం 12:30

నేను అడిగింది ఒకటి, ఇక్కడ నడుస్తున్నది ఇంకొకటి. నాకు ఎవరి పాటలతోనూ పేచీ లేదు. పిల్ల ఉన్న కయాక్ కనపడుతుంటే మూడోసారి అదే చోట తిరగడం సరైనదా అన్నదే ప్రశ్న.

బ్యాలస్ట్_బాబు | 12:48

ఒక్క నిమిషం. పసుపు టాండెం కయాక్, మధ్యలో కట్టిన ఎర్ర కూలర్? కూలర్ మీద మా కాలేజీ స్టిక్కర్?

నువ్వా?

పసుపు_తెడ్డు | 12:55

నేనే. బోట్ రంగు చూడగానే నాకు తెలిసింది. నీ పేరు రాయకూడదని రాయలేదు.

బ్యాలస్ట్_బాబు | 1:10

పేరు రాయలేదు, మిగతావన్నీ రాశావు. ఫోన్ చెయ్యొచ్చు కదరా? నేను 200 అడుగులు దాటే ఉన్నాను, ఎవరినైనా అడుగు. నువ్వు పడ్డది నాకు తెలియదు, ఒట్టు. వెనక్కి చూసే సరికి మలుపు తిరిగేశాను.

పసుపు_తెడ్డు | 1:22

ఫోన్ చెయ్యడానికి మాటలుండాలి. ఏటా వేసవిలో ఆరు కుటుంబాలం కలిసి పాంటూన్ అద్దెకి తీసుకునేవాళ్ళం, తలా ఇంత అని వేసుకుని. నువ్వు లక్ష డాలర్ల పైన పెట్టి బోట్ కొన్నావు. సంతోషించాం. ఆ జూన్‌లో కొత్త వాట్సాప్ గ్రూప్ వచ్చింది. అందులో నాలుగు కుటుంబాలే ఉన్నాయి. మేం లేము.

బ్యాలస్ట్_బాబు | 1:40

బోట్ మీద ప్లేట్ ఉంటుంది, ఎంతమంది ఎక్కాలో. నా దాంట్లో పద్నాలుగు. మనం ఇరవై రెండు మందిమి. నేనెవర్ని వద్దనాలి?

అయినా మొదటి ఏడాది వంతులవారీగా అందర్నీ ఎక్కించాను కదా. గ్యాస్ (పెట్రోల్) డబ్బులు ఇస్తానన్న వాడు ఒక్కడు లేడు. సాయంత్రం అందరూ టవల్స్ దులుపుకుని వెళ్ళిపోతే నేనూ మా ఆవిడా చీకట్లో సీట్ల సందుల్లోంచి పులిహోర మెతుకులు ఏరుకున్నాం. ఆవిడే చెప్పింది, ఇక వద్దని.

పసుపు_తెడ్డు | 1:46

అడిగితే ఇచ్చేవాళ్ళం.

బ్యాలస్ట్_బాబు | 1:47

అడగాలా?

గేలం_గంగరాజు | 1:50

అందుకే నేను ఒక్కడినే పోతాను.

పసుపు_తెడ్డు | 2:15

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. రెండో రౌండ్‌లో ముందు చెయ్యి ఊపింది నేను కాదు, మా అమ్మాయి. బోట్‌లో మీవాణ్ణి చూసింది. వాడు కూడా ఊపాడు. నేను దూరం పొమ్మని ఊపింది ఆ తర్వాత. అందుకే మీకు అర్థం కాలేదేమో. అది బోట్ వైపు చూస్తూ పక్కకి వంగింది, అప్పుడే అల వచ్చింది.

బ్యాలస్ట్_బాబు | 3:30

ఇప్పుడే మావాణ్ణి అడిగాను. చూశాడట. "నువ్వు వాళ్ళతో మాట్లాడవు కదా, అందుకే చెప్పలేదు" అన్నాడు.

మోడరేటర్ | 4:00

ఇంటి విషయాలు ప్రైవేట్ మెసేజ్‌లో మాట్లాడుకోండి. కోవ్_చివరి_ఇల్లు, అద్దె_పాంటూన్ మధ్య జరిగిన ఆరు పోస్టులు తీసేశాను. అసలు ప్రశ్న మీద ఎవరికైనా చెప్పేది ఉంటే చెప్పండి.

తెరచాప_తాత | 4:20

నా ఉత్తరం కాపీ ఎవరూ అడగలేదు.

బ్యాలస్ట్_బాబు | 4:35

ప్రశ్న మీదే. శనివారం ఏడింటికి అదే కోవ్‌కి వస్తాను. ట్యాంకులు నింపి నడుపుతాను, 200 అడుగుల దగ్గర అల ఎంతుంటుందో నీ కళ్ళతో చూడు. ఎక్కువని తేలితే ఆ కోవ్‌లో నేను మళ్ళీ సర్ఫ్ చెయ్యను. రూల్ పెట్టమని మాత్రం సంతకం పెట్టను.

పసుపు_తెడ్డు | 4:52

వస్తాను. నీ బోట్ ఎక్కను, ఒడ్డున నిలబడతాను. నీ జీపీఎస్ లెక్క నాకొద్దు. 200 అడుగుల నైలాన్ తాడు నేనే తెస్తాను, చివర ఖాళీ డబ్బా కట్టి.

గల్లీ_అంపైర్ | 4:55

నైలాన్ లాగితే సాగుతుంది సార్.

బ్యాలస్ట్_బాబు | 4:58

సాగితే నాకే లాభం, తెమ్మను. అమ్మాయిని కూడా తీసుకురా.

పసుపు_తెడ్డు | 5:20

అడిగి చూస్తాను.