కామన్ తీశాక బ్రాకెట్‌లో 1 ఎందుకు మిగులుతుంది?

ప్రశ్న:
మా తమ్ముడికి కారణాంక విభజన చెప్తున్నానండి. 12ఎ²బి + 18ఎబి² − 6ఎబి లో 6ఎబి కామన్ తీస్తే 6ఎబి(2ఎ + 3బి − 1) అని చేసి చూపించా. మూడో పదం మొత్తం బయటికొచ్చేసింది కదా, ఇంక లోపల ఏమీ ఉండకూడదు, ఆ 1 ఎక్కడ్నుంచి వచ్చింది అని పట్టుకు కూర్చున్నాడు, అడిగింది న్యాయంగానే ఉంది, రూల్ అంతేరా అని దాటేయడం నాకిష్టం లేదు. ఎలా చెప్పాలి?

జవాబు 1:
అక్కడ మనం దేన్నీ తీసేయట్లేదండి, భాగిస్తున్నాం. ఒక్కో పదాన్నీ 6ఎబి తో భాగించి వచ్చింది లోపల రాస్తున్నాం, 6ఎబి ని 6ఎబి తో భాగిస్తే 1 కదా. సున్నా రావాలంటే దాన్లోంచి దాన్నే తీసివేయాలి, అది వేరే పని. ఆ 1 లేకుండా రాసి, విభాగ న్యాయంతో, అంటే బయటిదాన్ని లోపలి ఒక్కో పదంతో, మళ్ళీ గుణించి చూడమనండి, 12ఎ²బి + 18ఎబి² దగ్గరే ఆగిపోతుంది, మూడో పదం గల్లంతు. మొదట మూడు పదాలుంటే బ్రాకెట్‌లో కూడా మూడు ఉండాల్సిందే.

జవాబు 2:
అంకెలు పెట్టి చూపిస్తే ఇంకా త్వరగా నమ్ముతాడు. ఎ = 2, బి = 1 అనుకోండి. అసలు సమాసం విలువ 48 + 36 − 12, అంటే 72. 1 ఉంచితే 12 × 6 = 72, వదిలేస్తే 12 × 7 = 84. రెండిటికీ 1 పెట్టకండి, ఘాతం తప్పు రాసినా 1 పెడితే బయటపడదు. ఇంకోటి, 3ఎబి(4ఎ + 6బి − 2) అని రాసినా 72 వస్తుంది, అది తప్పు కాదు గానీ పని సగంలో ఆగినట్టే, లోపల ఇంకా 2 కామన్ ఉంది. అందుకే గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం, అంటే అన్ని పదాల్నీ భాగించే వాటిలో అతి పెద్దది) మొత్తం బయటికి తేవాలి, అంకెలకి గసాభా, అక్షరాలకి అన్ని పదాల్లోనూ ఉన్న వాటిలో చిన్న ఘాతం.

జవాబు 3:
ఇది అర్థమైతే వెంటనే పి(ఎ − బి) + (ఎ − బి) ఇవ్వండి. ఇక్కడ కామన్ ఒక బ్రాకెట్ మొత్తం, రెండో పదం పక్కన ఏమీ కనపడదు కాబట్టి చాలామంది ఇక్కడే ఆగిపోతారు. భాగించమనండి, (ఎ − బి)(పి + 1) దానంతటదే వస్తుంది. ఆ తర్వాత పి(ఎ − బి) + క్యూ(బి − ఎ), ఇందులో బి − ఎ అంటే −(ఎ − బి) అని వాడే కనిపెట్టాలి, మీరు ముందే చెప్పేయకండి.

ప్రశ్న అడిగినవారు:
84 చూసి ఒప్పుకున్నాడండీ, పి + 1 కూడా చేసేశాడు. చివరి దానికి మాత్రం మైనస్ మర్చిపోయి (ఎ − బి)(పి + క్యూ) రాశాడు, ఇప్పుడు వాడే అంకెలు పెట్టి చెక్ చేసుకుంటున్నాడు.