మామత్‌ల నుంచే ఇప్పటి ఏనుగులు వచ్చాయా?

ప్రశ్న:
మా పాపకి బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తుంటే అందులో మామత్, మాస్టోడాన్ పక్కపక్కనే ఉన్నాయి, రెండింటికీ ఒంటినిండా బొచ్చు, వంకర దంతాలు, నాకైతే తేడా తెలీలేదు. మామత్‌లే మారి మారి ఏనుగులయ్యాయా? మరి మాస్టోడాన్ ఎవరు? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

రిప్లై 1:
కాదండీ, మామత్ ఏనుగుకి తాత కాదు, వరసకి పెదనాన్న కొడుకు. ఆఫ్రికాలో ఉన్న ఒకే మూలం నుంచి ముందు ఆఫ్రికా ఏనుగుల శాఖ విడిపోయింది, తర్వాత మిగిలినదాంట్లోంచి ఆసియా ఏనుగు ఒకవైపు, మామత్ ఒకవైపు వెళ్ళాయి, అందుకే ఆసియా ఏనుగుకి ఆఫ్రికా ఏనుగు కన్నా మామతే దగ్గరి చుట్టం.

మాస్టోడాన్‌ది అసలు వేరే కుటుంబం, 2 కోట్ల ఏళ్ళకి పైగా ముందే విడిపోయింది. బొచ్చు చూసి చుట్టరికం కలపకండి, పళ్ళు చూడాలి. ఏనుగుకీ మామత్‌కీ దవడ పళ్ళు పలకలు నిలబెట్టి పేర్చినట్టుంటాయి, గడ్డి లాంటివి నూరడానికి. మాస్టోడాన్ పళ్ళ మీద పెద్ద పెద్ద బొడిపెలుంటాయి, కొమ్మలూ ఆకులూ నలగ్గొట్టడానికి. 1796లో క్యువియే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త దవడలూ పళ్ళూ పోల్చి చూసి, మామత్ ఇప్పుడున్న ఏ ఏనుగూ కాదు, అంతరించిపోయిన జాతి అని చెప్పాడు. ఒక జీవి పూర్తిగా అంతరించిపోతుందన్న మాటే ఆ రోజుల్లో చాలామందికి మింగుడు పడలేదు!

రిప్లై 2:
పైన చెప్పింది కరెక్టే కానీ పళ్ళు కూడా ఒక్కోసారి మోసం చేస్తాయి. స్టెగోడాన్ అని ఏనుగులాంటి అంతరించిన జంతువు ఉండేది, దాని పళ్ళ మీద వరసగా గట్లు చూసి ఒకప్పుడు ఏనుగులకి పూర్వీకుడు అనుకున్నారు, ఇప్పుడు పక్క కుటుంబంలో పెడుతున్నారు. నిటారు దంతాల పేలియోలోక్సోడాన్ అనే అంతరించిన ఏనుగుని ఎముకలు చూసి ఆసియా ఏనుగు పక్కన పెట్టారు, తీరా జర్మనీలో దొరికిన ఎముకల డీఎన్ఏ 2017లో చదివితే ఆఫ్రికా అడవి ఏనుగుకి దగ్గరని తేలింది, 2018లో ఇంకా లోతుగా చూస్తే అందులో మామత్ వైపు రక్తం కూడా కొంత కలిసిందట. అంటే ఈ వంశవృక్షంలో కొమ్మలు విడిపోయాక కూడా మళ్ళీ కలుసుకున్నాయి, నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. ఆఫ్రికాలో కూడా ఒక్క జాతి కాదు, మైదానం ఏనుగు వేరు, అడవి ఏనుగు వేరు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ, కానీ పుస్తకం బొమ్మలో నోరు మూసుకునుంది, పళ్ళు కనపడవు, పాపకి ఎలా చూపించను?

రిప్లై 1:
తల చూడండి. మామత్‌కి నడినెత్తి గోపురంలా పైకి లేచుంటుంది, వీపు వెనక్కి ఏటవాలుగా దిగుతుంది. మాస్టోడాన్ తల చదునుగా, ఒళ్ళు పొడుగ్గా, కాళ్ళు కాస్త పొట్టిగా ఉంటాయి. ఒకసారి పట్టుకుంటే పాపే మీకన్నా ముందు చెప్పేస్తుంది.