బిల్లు పరిశీలించే సంఘానికి మా అమ్మ మాట ఎలా చేరుతుంది?

ప్రశ్న
రాసినవారు: ప్రాణహిత ఒడ్డు, సిరొంచ

అందరికీ నమస్కారం. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. మా ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఆసుపత్రిలో హిందీ. తెలుగు రాయడం మా తాతయ్య దగ్గర నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

మా తమ్ముడికి ముప్పై నాలుగేళ్ళు. ట్రాక్టరు నడిపేవాడు. తాగుడు మొదలై పదేళ్ళయింది. మా జిల్లాలో 1993 నుంచి దారుబందీ, అంటే మద్య నిషేధం, ఉంది. కానీ గోదావరి వంతెన దాటితే తెలంగాణ, అక్కడ నిషేధం లేదు. వంతెన కట్టకముందు పడవలో వెళ్ళి వచ్చేవాడు. అది కుదరని రోజున ఇప్పసారా.

నిరుడు దసరా తర్వాత తానే మానేస్తానన్నాడు. మేము ఎంత సంతోషపడ్డామో చెప్పలేను. ఇంట్లోనే ఉంచాం. మూడో రోజుకు చేతులు వణకడం మొదలైంది. గోడ నిండా చీమలున్నాయని అరచేత్తో తుడుస్తూ కూర్చున్నాడు. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. ఏళ్ళ తరబడి తాగినవాడు వైద్యం లేకుండా ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుందని ఆ రోజు వరకు మాకు తెలియదు. గడ్చిరోలి మాకు దాదాపు రెండు వందల కిలోమీటర్లు. అందుకని నది అవతల ఒక పట్టణంలో వ్యసన విముక్తి కేంద్రం ఉందంటే అక్కడ చేర్చాం. నెలకు పన్నెండు వేలు. ఒకే హాలులో ముప్పై మందికి పైగా ఉన్నారు. మొదటి రోజే ఫోను తీసుకున్నారు. నలభై రోజులు మమ్మల్ని చూడనివ్వలేదు. చివరికి గొడవ చేసి లోపలికి వెళితే వాడి మణికట్ల మీద తాడు గుర్తులు కనిపించాయి. డాక్టరు ఎన్నిసార్లు వచ్చాడురా అని అడిగాను. మాట్లాడకుండా తల దించుకున్నాడు. ఆ సాయంత్రమే ఇంటికి తీసుకువచ్చాం.

ఇప్పుడు మందులు వాడుతున్నాడు. ఒక నెల బాగుంటాడు, మళ్ళీ జారతాడు. అమ్మకు అరవై రెండేళ్ళు. రాత్రి వాడు లేచి వెళ్ళిపోకుండా గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకుంటుంది. చెన్నూరులో తన చెల్లెలి కూతురి పెళ్ళికి కూడా వెళ్ళలేదు.

మా ఆడపడుచు కూతురు స్కాట్లాండులోని గ్లాస్గోలో వృద్ధుల సంరక్షణ గృహంలో పనిచేస్తుంది. వ్యసనం ఉన్నవారికి చికిత్సను హక్కు చేయాలని అక్కడి పార్లమెంటులో ఒక బిల్లు వచ్చిందనీ, డాక్టరు నిర్ధారించాక మూడు వారాల్లోపు చికిత్స మొదలుపెట్టాలని అందులో రాశారనీ చెప్పింది. ఆ బిల్లును పరిశీలించిన కమిటీ, ఎవరైనా సరే తమ అభిప్రాయం రాసి పంపవచ్చని బహిరంగంగా అడిగిందట. ఆ మాట వినగానే నాకు అమ్మే గుర్తుకు వచ్చింది.

మన పార్లమెంటు ఇలాంటి చట్టాలను పరిశీలించేటప్పుడు మాలాంటివారిని అడుగుతుందా? మా తమ్ముడిని కాపాడే చట్టం ఏదైనా ఇప్పటికే ఉందా? అమ్మ చెప్పాలనుకున్నది ఎక్కడికి పంపాలి? తెలిసినవారు చెప్పండి.

జవాబు 1
రాసినవారు: మహేంద్రగిరి వకీలు, పర్లాకిమిడి

ప్రాణహిత గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ముందుగా చట్టం సంగతి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఉంది. మద్యం, మాదకద్రవ్యాల వాడకం వల్ల కలిగే మానసిక స్థితులు కూడా అందులో మానసిక అనారోగ్యం నిర్వచనం కిందికి వస్తాయి. ఈ ఒక్క మాట తెలియకపోవడం వల్లనే చాలా కుటుంబాలు విముక్తి కేంద్రం వారు చెప్పిందే చట్టమనుకుంటాయి.

మీ తమ్ముడు తన ఇష్టంతో చేరినట్లయితే, వెళ్ళిపోతానని అడిగినప్పుడు పంపించాలి. డాక్టరుకు ప్రమాదం కనబడితే, పరీక్ష చేయడానికి 24 గంటల వరకు ఆపవచ్చు. సొంతంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్నవారిని వారి తరఫు ప్రతినిధి కోరిక మీద చేర్చుకునే పద్ధతి వేరు. దానికి మానసిక వైద్యుడితో సహా ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. గడువు 30 రోజులు. దాటితే మళ్ళీ పరీక్షలు జరగాలి, ఈ చట్టం కింద ఏర్పడే సమీక్షా బోర్డు అనుమతించాలి. ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడం 95వ సెక్షన్ ప్రకారం నిషేధం. తాడుతో కట్టి శిక్షించడమూ ఈ చట్టం ఒప్పుకోదు. ఇలాంటి కేంద్రం నడపాలంటే 65వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకపోతే మొదటిసారి 5,000 నుంచి 50,000 రూపాయల వరకు జరిమానా. ముప్పై మంది దగ్గర నెలకు పన్నెండు వేల చొప్పున తీసుకునేవారికి ఆ జరిమానా ఏపాటి? నాకు కోపం వచ్చేది అక్కడే. మణికట్ల ఫొటోలు ఉంటే దాచి ఉంచండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఫీజు లేకుండా వకీలును ఇస్తారు.

ఇక పార్లమెంటు. ఈ చట్టం బిల్లుగా 2013 ఆగస్టులో రాజ్యసభకు వచ్చింది. ఆరోగ్య శాఖకు సంబంధించిన స్థాయీ సంఘానికి, అంటే బిల్లులను పరిశీలించే ఎంపీల కమిటీకి, పంపితే, సంఘం అదే ఏడాది నవంబరులో నివేదిక ఇచ్చింది. రాజ్యసభ 2016 ఆగస్టు 8న ఆమోదించేటప్పటికి ప్రభుత్వమే వందకు పైగా సవరణలు తెచ్చింది. లోక్‌సభ 2017 మార్చి 27న ఆమోదించింది. సవరణలు అన్ని పడ్డాయంటేనే, బయటి నుంచి వచ్చే మాటకు చోటు ఉంటుందని అర్థమవుతుంది.

స్థాయీ సంఘంలో 31 మంది ఉంటారు, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులు ఉండరు. బిల్లు తమ ముందుకు వచ్చినప్పుడు పత్రికల్లో ప్రకటన ఇచ్చి వినతిపత్రాలు కోరతారు. ఎవరైనా పంపవచ్చు. ఆ ప్రకటన సిరొంచలో ఎవరి కంట పడుతుందన్నదే సమస్య. పైగా ప్రతి బిల్లూ సంఘానికి వెళ్ళదు. సంఘం సిఫారసును ప్రభుత్వం పాటించి తీరాలనే నియమమూ లేదు. బిల్లు లేని సమయంలో ఉభయ సభలకూ పిటిషన్ల కమిటీలు ఉన్నాయి. ప్రజలందరికీ సంబంధించిన విషయమైతే పార్లమెంటు సభ్యుడి సంతకంతో పిటిషన్ పెట్టవచ్చు. తెలుగులో రాయవచ్చు, కానీ హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జతచేయాలి.

జవాబు 2
రాసినవారు: బల్లార్షా పెద్దాయన

చెల్లెమ్మా, నేను బొగ్గు గనిలో పనిచేసి రిటైర్ అయ్యాను. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నేను తాగుడు మాని పంతొమ్మిదేళ్ళయింది. మీ తమ్ముడు చూసిన చీమలను నేనూ చూశాను. నాకైతే పాములు.

మా చంద్రపూర్ జిల్లాలో 2015 ఏప్రిల్‌లో దారుబందీ పెట్టారు, 2021లో ఎత్తేశారు. పెట్టినప్పుడూ ఎత్తినప్పుడూ మా వీధిలో తెగ వాదించుకున్నాం. ఆదాయం ఎంత పోయింది, దొంగసారా ఎంత పెరిగింది, ఎవరు గెలిచారు అని. తాగేవాణ్ణి రేపు పొద్దున ఏ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలి అని నాతో సహా ఒక్కరమూ అడగలేదు. నిషేధం తప్పని నేను అనను. ఆ ఆరేళ్ళలో కొన్ని ఇళ్ళలో పొయ్యి వెలగడం చూశాను. కానీ సీసా దొరకని రోజున ఒళ్ళు ఏమవుతుందో తెలిసిన మనిషి ఊరికి ఒక్కడైనా ఉండాలి.

మీ తమ్ముడు మళ్ళీ జారాడని కుమిలిపోకండి. నేను నాలుగుసార్లు జారాను.

జవాబు 3
రాసినవారు: తూర్పు కొండలు, జైపూర్ (కోరాపుట్ జిల్లా)

నేను వైద్య సామాజిక కార్యకర్తను. ఆ స్కాట్లాండు బిల్లు వార్తలను మొదటి నుంచి గమనిస్తున్నాను. 2024 మేలో డగ్లస్ రాస్ అనే ప్రతిపక్ష సభ్యుడు సొంతంగా ప్రవేశపెట్టారు. ఆ దేశంలో 2023లో 1,172 మంది, 2024లో 1,017 మంది మాదకద్రవ్యాల దుర్వినియోగంతో చనిపోయారు. అంత చిన్న దేశానికి అది ఘోరమైన లెక్క. చికిత్స ఇవ్వలేమంటే కారణం రాసి ఇవ్వాలి, మరో డాక్టరును అడిగే వీలుండాలి అన్నది నాకు చాలా నచ్చింది. అయినా 2025 అక్టోబరులో మొదటి దశలోనే వీగిపోయింది.

వ్యతిరేకించినవారందరూ చికిత్స వద్దన్నవారు కాదు. హక్కు అని రాస్తే సరిపోతుందా, సిబ్బంది ఎక్కడ, డబ్బు ఎక్కడ అన్నారు. డాక్టరు గుమ్మం తొక్కడానికే భయపడేవారికి నిర్ధారణతో మొదలయ్యే హక్కు ఎలా అందుతుందన్నారు. ఆ ప్రశ్నలు మనకూ వర్తిస్తాయి. మన 2017 చట్టం 18వ సెక్షన్‌లో, రోగి చికిత్స కోసం చాలా దూరం ప్రయాణించాల్సిన అవసరం ఉండకూడదని రాసి ఉంది. సిరొంచ నుంచి రెండు వందల కిలోమీటర్లు వెళ్ళేవారికి ఆ వాక్యం చదివి వినిపించాలంటే నాకు నోరు రాదు. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన ఎయిమ్స్ సర్వేలో ఉంది.

మీ అమ్మగారి గురించి ఒక మాట. అదే స్కాట్లాండు పార్లమెంటు 2025 జూన్‌లో సంరక్షణ సంస్కరణల బిల్లును ఆమోదించింది. జీతం లేకుండా ఇంట్లో మనిషిని చూసుకునేవారికి విశ్రాంతి తీసుకునే హక్కు అందులో ఉంది. మన 18వ సెక్షన్‌లో రోగి కుటుంబానికి తోడ్పడే సేవలు ఉండాలనే మాట వరకు ఉంది. ఆ సేవ ఎలా ఉండాలన్నది మీ పిటిషన్‌లో అడగండి. రాత్రివేళ తమ్ముడికి బాగా లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు. వ్యసనాలకు విడిగా 14446 ఉంది. ఫిట్స్ వస్తే మాత్రం ఫోనుతో ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ప్రాణహిత ఒడ్డు

మీ ముగ్గురికీ దండాలు. నిన్న రాత్రి అమ్మ పక్కన కూర్చుని ఇవన్నీ చదివి వినిపించాను. విశ్రాంతి తీసుకునే హక్కు అన్న దగ్గర ఆపి, మళ్ళీ చదవమంది.

పిటిషన్‌లో ఏం రాయాలమ్మా అని అడిగితే ఆమె చెప్పింది ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను. "వాడు చెడ్డవాడు కాదు. నాకు డబ్బు వద్దు. మందులు మా ఊళ్ళోనే ఇప్పించండి. నెలకు రెండు రాత్రులు ఎవరైనా తెలిసిన మనిషి వచ్చి ఈ గుమ్మం దగ్గర పడుకుంటే, నేను చెన్నూరు వెళ్ళి నా చెల్లెలిని చూసి వస్తాను."

దీన్ని హిందీలోకి మార్చి, మా ఎంపీ గారి సంతకం కోసం సోమవారం వెళుతున్నాను. వకీలు గారూ, పంపే ముందు ఒకసారి చూసి పెడతారా?

మహేంద్రగిరి వకీలు

తప్పకుండా చూస్తాను. అమ్మగారి మాటల్లో ఒక్క అక్షరం కూడా మార్చకండి. సెక్షన్ల నంబర్లు నేను కింద చేరుస్తాను.

బల్లార్షా పెద్దాయన

చెల్లెమ్మా, పిటిషన్ ఢిల్లీ చేరి జవాబు రావడానికి ఎన్ని నెలలు పడుతుందో. శుక్రవారం నేనూ మా ఆవిడా ఎస్టీ బస్సులో వస్తాం. శని, ఆదివారాలు మీ అమ్మగారిని చెన్నూరు పంపండి. గుమ్మం దగ్గర నేను పడుకుంటాను. మీ తమ్ముడికి ఇష్టమేనా అని ముందు అతన్ని అడగండి.

ప్రాణహిత ఒడ్డు

అడిగాను అన్నయ్యా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆయన పాముల సంగతి నిజమేనా అని అడిగాడు. మీకు మా ఫోను నంబరు విడిగా సందేశంలో పంపాను. అమ్మ చెన్నూరుకు తీసుకువెళ్ళడానికి అరిసెల పిండి కొడుతోంది.