బుకర్ వాషింగ్టన్ లొంగిపోయారా, డుబోయిస్ తొందరపడ్డారా?

నల్లరేగడి:
అమెరికా నల్లజాతి నాయకుల్లో బుకర్ టి. వాషింగ్టన్‌ని తలొగ్గినవాడిగా, డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌ని తలెత్తినవాడిగా తేల్చేయడం మామూలైపోయింది. నేను ఒప్పుకోను. ఆ ముద్రకు మూలం 1895 సెప్టెంబరు 18న అట్లాంటాలో వాషింగ్టన్ చేసిన ప్రసంగం. నల్లవారు, తెల్లవారు సామాజిక వ్యవహారాల్లో వేళ్లలా విడిగా, ఉమ్మడి ప్రగతికి కావలసినవాటిలో చేతిలా ఒకటిగా ఉండొచ్చని అన్నారు. ఆ మాట ఎక్కడ నిలబడి అన్నారో చూడాలి కదా. 1881లో దక్షిణాది రాష్ట్రమైన అలబామాలో వాషింగ్టన్ నడిపిన నల్లవారి బడి టస్కీగీ మొదలైనప్పుడు రాష్ట్రం ఇచ్చింది ఏటా 2,000 డాలర్లు, అదీ జీతాలకే. పాడుబడ్డ పాత తోటను 500 డాలర్లకు అప్పు చేసి కొన్నారు. కట్టడాలకు ఇటుకలు విద్యార్థులే కోశారు. మొదటి బట్టీలో పేర్చిన 25,000 ఇటుకలు సరిగా కాలక పాడయ్యాయి, రెండోదీ మూడోదీ అంతే. నాలుగోదానికి వాషింగ్టన్ తన గడియారం కుదువపెట్టి 15 డాలర్లు తెచ్చారు. ఆ స్థితిలో అలబామా నడిబొడ్డున ఓటు హక్కు నినాదం ఎత్తితే బడి మిగిలేదా? నీళ్లలో ఉంటూ మొసలితో వైరం ఎవరి తరం? అయినా ఓటు కేసులకు ఆయన చాటుగా డబ్బిచ్చారు. లాయరు విల్‌ఫర్డ్ స్మిత్‌తో ఉత్తరాలు మారుపేర్లతో నడిచాయి.

తీర్పులసంచి:
చాటుగా డబ్బిచ్చిన మాట నిజం. ఆ కేసులేమయ్యాయో కూడా చెప్పాలి.

నల్లవారిని ఓటుకు దూరం పెట్టిన 1901 అలబామా రాజ్యాంగంలో కిటుకు తేదీలో ఉంది. 1903 జనవరి 1కి ముందైతే మాజీ సైనికులకు, వాళ్ల సంతతికి, ఓటర్లను నమోదు చేసే రిజిస్ట్రారు దృష్టిలో 'మంచి నడవడి' ఉన్నవాళ్లకు జీవితాంతం ఓటు. తర్వాత వచ్చినవాళ్లకు చదవడం రాయడం రావాలి, లేదా 40 ఎకరాలో 300 డాలర్ల ఆస్తో ఉండాలి. దానిపైన ఏటా ఒకటిన్నర డాలరు తలపన్ను. కట్టని ఏళ్లది బకాయిగా పేరుకుంటూ 36 డాలర్ల దాకా పోతుంది. రిజిస్ట్రారు కంటికి నల్లవాడి నడవడి ఎప్పుడు మంచిదైంది గనక!

మాంట్‌గోమరీకి చెందిన జాక్సన్ గైల్స్ 1871 నుంచి 1901 దాకా ఓటేసిన మనిషి. తనలాంటి 5,000 మందికి పైగా నల్లవారి తరఫున దావా వేశారు. 1903 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు 6-3తో కొట్టేసింది. జస్టిస్ హోమ్స్ తర్కం ఇదీ: ఓటర్ల జాబితా అంతా మోసమంటూనే అందులో పేరు చేర్చమని ఎలా అడుగుతారు? పైగా రాష్ట్రంలో తెల్లవారంతా ఒక్కటై అడ్డుపడితే మా ఉత్తర్వు అమలయ్యేదెలా? రాజకీయంగానే తేల్చుకోండి అన్నారు. ఓటు లేనివాళ్లకు అది చెప్పడం దారుణం. నష్టపరిహారానికి వేసిన రెండో కేసు కూడా 1904లో పోయింది. ఓడిన కేసునైనా ఊరూరా చెప్పుకుంటే ఉద్యమానికి జనం వస్తారు, చందాలొస్తాయి. డబ్బిచ్చినవారే దాగి ఉంటే ఓటమి కాగితాల్లోనే పూడిపోతుంది. నా అభ్యంతరం అక్కడ.

పాతపుటలు:
బహిరంగ పోరాటమూ వెంటనే ఫలించలేదండీ. 1905 జులైలో డుబోయిస్ పిలుపుమీద 29 మంది కెనడా వైపున ఫోర్ట్ ఈరీలో చేరి, నల్లవారి సమాన హక్కుల కోసం నయాగరా ఉద్యమం పెట్టారు. డబ్బు లేదు, నల్లవారి పత్రికలు చాలావరకు టస్కీగీ చెప్పుచేతల్లో ఉన్నాయి. కొన్నేళ్లకే ఆగిపోయింది. 1909లో పుట్టిన నల్లవారి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ నిలిచింది. 1910 నవంబరులో 1,000 ప్రతులతో మొదలైన దాని పత్రిక 'క్రైసిస్' డుబోయిస్ సంపాదకత్వంలో పదేళ్లలోపే లక్షకు చేరింది. తాతలకు ఓటుంటే చదువు పరీక్ష లేకుండా ఓటిచ్చే ఓక్లహోమా రాష్ట్రపు 'తాత నిబంధన'ను 1915లో కొట్టేసిన కేసులో ఆ సంస్థ కూడా కోర్టుకు తన వాదన సమర్పించింది. మరి ఏమైంది? 1916లో రాష్ట్రం కొత్త చట్టం తెచ్చి, అప్పటిదాకా ఓటు లేనివాళ్లు నమోదవడానికి 12 రోజులే గడువిచ్చింది. ఆ గడువు దాటితే శాశ్వతంగా లేనట్టే. దాన్ని కొట్టించడానికి 1939 దాకా పట్టింది.

నల్లరేగడి:
అదే నేననేది. ఆ 24 ఏళ్లూ పిల్లలు ఎక్కడ చదవాలి? వాషింగ్టన్ షికాగో వ్యాపారి రోజెన్‌వాల్డ్‌ని ఒప్పించి 1912లో టస్కీగీ చుట్టుపక్కల ఆరు బళ్లతో మొదలుపెట్టించిన పథకం 1932 నాటికి 15 రాష్ట్రాల్లో దాదాపు 5,000 బళ్లయింది. 1965లో ఓటు హక్కు ఊరేగింపులో అలబామాలోని సెల్మా వంతెన మీద దెబ్బలు తిన్న జాన్ లూయిస్ చదివింది అలాంటి బడిలోనే.

గోదారిగట్టు:
ఆ బళ్ల లెక్కలో రెండో వైపు చూడండి. రోజెన్‌వాల్డ్ నిధి ఇచ్చింది సుమారు 43 లక్షల డాలర్లు. నల్లవారు చందాలుగా పోగుచేసింది 47 లక్షల పైచిలుకు. పన్నులు కట్టీ, తమ పిల్లల బడికి మళ్లీ చేతినుంచి పెట్టుకున్నారు. ఓటుంటే ఆ పన్ను డబ్బే బడికి వచ్చేది. డుబోయిస్ 1903లోనే అడిగింది ఇదే: ఓటు, పౌర సమానత్వం, తెలివికి తగ్గ చదువు.

ఇంకొకటి. 1946లో అంబేద్కర్ ఐక్యరాజ్యసమితికి నల్లవారు ఇచ్చిన వినతిపత్రం ప్రతులు కావాలని ఉత్తరం రాసింది డుబోయిస్‌కే. బాహాటంగా మాట్లాడినందుకే ఆయన పేరు అంత దూరం వచ్చింది.

నల్లరేగడి:
1934లో అదే డుబోయిస్ నల్లవారు తమ ఆర్థిక సంస్థలు తామే విడిగా కట్టుకోవాలని రాశారు, ఆ గొడవతోనే ఎన్‌ఏఏసీపీ వదిలేశారు. అది టస్కీగీ దారికి దగ్గర కాదా?

తీర్పులసంచి:
దగ్గరే, కాదనను. కానీ సొంత సంస్థ పత్రికలోనే రాశారు, పదవి పోయినా రాశారు. వాషింగ్టన్ కూడా నల్లవారిని వేరుచేసే చట్టాలు అన్యాయమని చివరికి పేరు పెట్టుకుని రాశారు. అది అచ్చయింది 1915 డిసెంబరులో, ఆయన పోయిన మూడు వారాలకు. అదే మాట 1905లో అని ఉంటే టస్కీగీ మూతపడేదా? 1903లోనే ఉక్కు వ్యాపారి కార్నెగీ ఇచ్చిన 6,00,000 డాలర్లు అప్పటికే చేతిలో ఉన్నాయి. ఇటుక బట్టీ నాటి భయం అప్పటికి అవసరం లేదనే నా వాదన. నల్లరేగడి గారూ, దీనికి మీ జవాబు చూడాలి.